పసుపు వైరు మీద దేవుడి దీపం

మదర్‌బోర్డు పోయిందని మా అంగడికి తెచ్చిన డబ్బాల్లో నిజంగా బోర్డు పోయినవి తక్కువ. బోర్డుకు కరెంటు మోసుకుపోయే ప్లగ్గుల దగ్గరే చాలా రోగాలు ఉండేవి. ఈ ఒక్క మాట నమ్మి పని మొదలుపెడితే మీ కష్టంలో సగం తీరుతుంది. తక్కిన సగం మనుషులతో. దానికి మందు ఏ పుస్తకంలోనూ లేదు, నా దగ్గరా లేదు. చూసింది చెప్పగలను, అంతే.

నా పేరు ఎర్రిస్వామి. బళ్ళారిలో ఒక కంప్యూటర్ల అంగడిలో రిపేరు పని చేసి, కళ్లు మసకబారి, ఇక చిన్న స్క్రూలు కనబడవని మానేశాను. నేను పని చేసిన కాలంలో చాలా భాగం ఇనుప రాయికి గిరాకీ వచ్చిన కాలం. నిన్నటిదాకా వరి మళ్లలో నిలబడినవాళ్లు లారీలు కొన్నారు. లారీలున్నవాళ్లు ఆఫీసులు తెరిచారు. ఆఫీసు తెరిచిన ప్రతివాడూ టేబుల్ మీద ఒక కంప్యూటర్ పెట్టాడు. వాడటం వచ్చినా రాకపోయినా అది అక్కడ ఉండాలి, దాని మీద ఒక పూల చారల గుడ్డ కప్పి ఉండాలి. కొందరు ఆ గుడ్డ తీయకుండానే మిషన్ నడిపి, వేడెక్కి ఆగిపోతోందని మాకు ఫోన్ చేసేవాళ్లు. మా అంగడి బతికింది ఇట్లాంటి మహానుభావుల వల్లే.

ముందు ప్లగ్గుల సంగతి

జనం సీపీయూ అని పిలిచే ఇనుప డబ్బా లోపల ఒక మూల ఫ్యాను ఉన్న చిన్న పెట్టె ఉంటుంది. అదే ఎస్సెంపీఎస్. గోడలోంచి వచ్చే కరెంటును బోర్డు తట్టుకునేట్టు చిన్న చిన్న పాళ్లు చేసి పంచుతుంది. దాంట్లోంచి జడ విప్పినట్టు వైర్లు బయటికి వస్తాయి. కొత్తగా వచ్చిన పిల్లలు వాటిని చూసి బెదురుతారు. బెదరాల్సిన పని లేదు, రంగు చూడండి. నలుపు కరెంటు వెనక్కి పోయే తిరుగుదారి. పసుపు పన్నెండు ఓల్టులు. ఎరుపు ఐదు. నారింజ మూడు చిల్లర. ఆకుపచ్చది ఒక్కటే ఉంటుంది, బోర్డు ఆ వైరుతోనే ఎస్సెంపీఎస్‌ను నిద్ర లేపుతుంది. ఊదా రంగుది మిషన్ ఆపినా బతికే ఉంటుంది. అందుకే గోడ దగ్గర స్విచ్చి తీయకుండా బోర్డు మీద చెయ్యి వేయకండి. కొన్ని పెద్ద కంపెనీలు తమకు తోచినట్టు రంగులూ వరసలూ మార్చాయి. కాబట్టి రంగును నమ్మండి, మీటరును ఇంకొంచెం ఎక్కువ నమ్మండి.

నేను పని నేర్చుకునేటప్పటి బోర్డులకు పక్కపక్కనే రెండు ప్లగ్గులు పెట్టాలి. రెండూ చూడ్డానికి కవల పిల్లలే. తారుమారు చేసినా పోయి కూర్చుంటాయి, స్విచ్చి వేస్తే బోర్డు పొగ పెడుతుంది. మా ఓనరు శేషప్ప నాకు నేర్పిన మొదటి మంత్రం, "నల్ల పక్కన నల్ల". రెండు ప్లగ్గుల నల్ల వైర్లూ నడుమ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండాలని. తర్వాత ఇరవై పిన్నుల ఒకే ప్లగ్గు వచ్చింది, అది ఒకే పక్కకు దిగుతుంది. ఆ తర్వాత దానికి నాలుగు చేర్చి ఇరవై నాలుగు చేశారు. ప్రాసెసర్ ఆకలి పెరిగిందని దాని పక్కనే ఇంకో నాలుగు పిన్నుల ప్లగ్గు వేరుగా పెట్టారు, రెండు పసుపు, రెండు నలుపు.

ఈ చివరి దాన్ని మరిచిపోయి బోర్డు చచ్చిందని చెప్పినవాళ్లను ఎంతమందిని చూశానో. ఫ్యాన్లు తిరుగుతాయి, దీపం వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. ఇంకొందరు పెద్ద ప్లగ్గుకు చేర్చిన నాలుగు పిన్నుల ముక్కను విడదీసి ప్రాసెసర్ దగ్గర గుచ్చుతారు. అందులో నాలుగు రంగులుంటాయి, ఇందులో రెండే, చూస్తే తెలిసిపోతుంది. రంధ్రాల ఆకారం కూడా చూడండి. కొన్ని చదరంగా ఉంటాయి, కొన్నింటికి మూలలు కోసి ఉంటాయి. అది అందం కోసం చేసింది కాదు, తప్పు ప్లగ్గు దిగకుండా చేసింది. బొటనవేలితో నొక్కితే దిగాలి, కొక్కెం టక్కుమని పడాలి. పళ్లు బిగించాల్సి వచ్చిందంటే ఆగి మళ్లీ చూడండి.

మా శేషప్ప

ఓనర్ల గురించి ఒక మాట. శేషప్ప మంచి పనివాడు. చేతులు కడుక్కోకుండా బోర్డు ముట్టుకుంటే కసిరేవాడు. ఇనుప గనులున్న సండూరు దిక్కునుంచి వచ్చే మిషన్లు మూత తీస్తే లోపల ఎర్రటి దుమ్ము పొరలు పొరలుగా ఉండేది, పిన్నుల మధ్య కూడా. దాన్ని నోటితో ఊదితే ఉమ్మి తడికి అంటుకుపోతుందని, కుంచెతో దులిపి ఆ తర్వాతే ఊదుడు మిషన్ పెట్టాలని నేర్పింది ఆయనే. ఆ దుమ్ము ప్లగ్గులో ఉండగానే మళ్లీ గుచ్చితే పిన్ను సరిగ్గా పట్టదు, పట్టని చోట వేడి పుడుతుంది, తెల్ల ప్లగ్గు గోధుమ రంగుకు తిరుగుతుంది. వాసన చూసి చెప్పేవాడు ఆయన.

కానీ ఎక్కువ మిషన్లు కొనే పెద్ద గిరాకీ ముందు ఆయన వెన్ను వంగేది. గిరాకీ ఏమంటే అదే. "దేవుడు మనకు రెండు చెవులిచ్చినాడప్పా, ఒకటి మిషన్‌కి, ఒకటి గిరాకీకి" అనేవాడు నవ్వుతూ. ఆ రెండో చెవే పెద్దది. ఆయన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు, అంగడి నడిపేవాడికి ఆ చెవి లేకపోతే కష్టమే. అయితే పని చేసేవాడు కూడా ఆ చెవితోనే వింటే ఏమవుతుందో చెప్పడానికి రాస్తున్నాను.

కాటా దగ్గర కంప్యూటర్

సండూరు పక్కన యశ్వంతనగర్ దగ్గర మాకొక పెద్ద గిరాకీ ఉండేది. గని నుంచి రాయి మోసే లారీలు, వాటిని తూచే కాటా, ఒక ఆఫీసు. ఓనరు ఎప్పుడో గాని కనబడడు. అంతా మేనేజరు తిమ్మప్ప చూసుకునేవాడు. ఆయన లారీ డ్రైవరుగా మొదలుపెట్టి ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. గట్టివాడు, నోరు పెద్దది, దేవుడంటే భయం.

కాటా గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి పార్వతి. బళ్ళారి జిల్లాలోని ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తెలుగు పిల్ల. వాళ్ల నాయన కౌలుకు వరి, చెరకు చేసేవాడు. బీకాం చదివి, బళ్ళారిలో కంప్యూటర్ నేర్చుకుని, సండూరులో మేనత్త ఇంట్లో ఉంటూ ఆ పని చేసేది. లారీ కాటా ఎక్కగానే బరువు తెర మీదికి వస్తుంది, ఈమె లారీ నంబరు కొడుతుంది, చీటీ అచ్చవుతుంది, లారీ దిగిపోతుంది. మిషన్ ఆగిపోతే డ్రైవరు కాటా అంకె చూసి చెప్తే ఈమె చేత్తో రాసి పంపాలి. చేత్తో రాసిన చీటీలో ఎంత రాస్తే అంతే బరువు. మీకు అర్థమయ్యే ఉంటుంది, తగవు అక్కడే వచ్చింది.

ఆ మిషన్ ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. అదీ ఎప్పుడు? రాయి నిండుగా పోసిన లారీ కాటా మీద ఉన్నప్పుడే. ఖాళీ లారీ వచ్చినప్పుడు ఏ రోగమూ లేదు. తిమ్మప్ప తన గది కిటికీలోంచి చూశాడు. బరువు లారీ కాటా మీద ఉంది, పార్వతి లేచి నిలబడి ఉంది, ఆమె చెయ్యి యూపీఎస్ స్విచ్చి మీద ఉంది. ఇక చెప్పేదేముంది. డ్రైవర్ల దగ్గర చెయ్యి తడుపుకుని, ఎక్కువ రాయి పోసిన లారీ రాగానే మిషన్ ఆపేస్తోందని తేల్చేశాడు.

డబ్బా రెండుసార్లు మా అంగడికి వచ్చింది. మొదటిసారి ఇంకొకతను చూసి, ఏమీ లేదని పంపేశాడు. రెండోసారి నా బల్ల మీదికి వచ్చింది. రోజంతా నడిపాను, ఎంత పని పెట్టినా నడిచింది. పెద్ద ప్లగ్గు తీసి చూశాను, ఎక్కడా కమిలి లేదు. ప్రాసెసర్ దగ్గర నాలుగు పిన్నులది కొక్కెం పడి గట్టిగా ఉంది. మీటరు పెడితే పన్నెండు పన్నెండే, ఐదు ఐదే. బల్ల మీద ఆ మిషన్‌కు వంక పెట్టలేం.

ఒకటే నన్ను గుచ్చింది. డిస్కుకు కరెంటు ఇచ్చే ప్లగ్గులు కొన్ని వాడకుండా మిగిలి ఉంటాయి గదా, నాలుగు రంధ్రాల తెల్లవి, పసుపు, రెండు నలుపు, ఎరుపు. వాటిలో ఒకదానికి పసుపు వైపు రంధ్రమూ, ఒక నల్ల వైపు రంధ్రమూ సాగి ఉన్నాయి. ఏదో లావు తీగ గుచ్చి తీసినట్టు. డబ్బా వెనుక ఒక కార్డు సందుకు ఉండాల్సిన రేకు కూడా లేదు.

శేషప్పకు చూపించాను. ఆయన చూడనైనా లేదు.

"ఎర్రిస్వామీ, తిమ్మప్ప ఫోన్ చేసిండె. రేపు ఆ పాప వాళ్ల నాయన్ని పిలిపిస్తాడంట. ఓనరు కూడా వస్తాండాడు. నువ్వు పోయి మిషన్ బాగుండాదని ఒక మాట అనేసి రాప్పా. అంతే పని."

"బాగుండాదో లేదో నాకు ఇంకా తెల్దు గద."

"మన బల్ల మీద నడిచిందా లేదా?"

"నడిచింది. ఆడ ఎందుకు నడుస్తాలేదో చూడాల గద."

"ఆడ నడవకపోయేదానికి ఆ పాప ఉండాది గదప్పా!" అన్నాడు శేషప్ప. "వాళ్లకు ఇంకా మిషన్లు కావాల. ఒక మాట. నీ సొమ్మేం పోతాది?"

నాకు ఒళ్లు మండింది. నా సొమ్ము పోదు, పోయేది ఆ పిల్ల పేరు. దొంగ అని అందరి ముందూ ఒప్పుకుని నాయన వెంట ఊరికి పోవాలి, లేదంటే పోలీసులకు ఇస్తామని బెదిరించారట. పోలీసుల దాకా ఎందుకు, ఎమ్మిగనూరులో ఆ ముక్క చాలు. అయినా శేషప్పతో వాదించలేదు, డబ్బా జీపులో పెట్టించుకుని బయలుదేరాను.

అక్కడ చూసింది

నేను పోయేసరికి కాటా గది బయట సిమెంటు అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తువ్వాలు మోకాళ్ల మీద పరుచుకుని, దాని కొసలు సరిచేసుకుంటూ. పార్వతి నాయన. ఎవరూ ఆయనకు మంచినీళ్లు కూడా ఇచ్చినట్టు లేదు. ఓనరు ఇంకా రాలేదు. తిమ్మప్ప నన్ను చూసి, "రాప్పా రా, చెప్పేది ఓనరు వచ్చినాక చెప్పు, సుమ్నే ఊరకే రెండు సార్లు ఎందుకు" అన్నాడు.

"ముందు మిషన్ పెట్టి చూస్తాను" అన్నాను.

"ఏంది చూసేది ఇంకా?"

"తెచ్చిన మిషన్ పెట్టేసి పోవాల గద తిమ్మప్పా."

గదిలో పార్వతి నిలబడి ఉంది. కుర్చీలో కూర్చోవద్దని చెప్పారట. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కాటా గది అంటే ఇనుప యాంగిళ్లకు రేకులు కొట్టిన గూడు. కాటాకు ఆనుకునే ఉంది. కంప్యూటర్ పైన, గోడకు ఆంజనేయస్వామి పటం. పటం చుట్టూ చిన్న బల్బుల దండ, జీపుల్లో పెడతారే, అట్లాంటిది.

"నేనొక్కదాన్నే చెప్తాండానన్నా, ఎవరూ వింటాలేదు" అంది పార్వతి. "ఖాళీ బండి వస్తే ఏం కాదు. లోడు బండి ఎక్కితేనే పోతాది. అన్నిసార్లు కాదు, గాని పోయిందంటే లోడు బండికే. పోయినాక ముందు బటన్ ఎంత నొక్కినా రాదు. యూపీఎస్ ఆపి, స్వల్ప సేపు ఆగి, మళ్లా వేస్తేనే వస్తాది. అది చూసి నేనే ఆపుతాండానంటారు."

పిల్లలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. మిషన్ ముందు రోజూ కూర్చునేవాళ్లు చెప్పేది వినండి. బటన్ నొక్కినా రాదు, కరెంటు పూర్తిగా తీసి ఆగి వేస్తేనే వస్తుంది అన్నారంటే, ఎస్సెంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది అని అర్థం. పసుపు వైరు ఎక్కడో నల్ల వైరుకు తగులుతోంది. తగిలిన క్షణంలో అది తాళం వేసుకుంటుంది, కరెంటు పూర్తిగా తీసేదాకా తాళం తీయదు. చెడ్డ ఎస్సెంపీఎస్ అయితే కాలిపోయేది, ఇది మంచిది కాబట్టి ఆగింది. ఆ మంచితనం ఈ పిల్ల మెడకు చుట్టుకుంది.

నేను డబ్బా కింద పెట్టి వైర్లన్నీ తగిలించాను. ఇక స్విచ్చి వేయబోతుంటే పార్వతి, "ఇంకోటి ఉండాదన్నా" అని, డబ్బా వెనుక రేకు లేని సందులో వేలు పెట్టి ఆ తెల్ల ప్లగ్గును బయటికి లాగింది. గోడ మీదినుంచి వేలాడుతున్న రెండు తీగల కొసలు పట్టుకుని, పసుపు రంధ్రంలో ఒకటి, నల్ల రంధ్రంలో ఒకటి గుచ్చింది. చేతులు జోడించింది. అప్పుడు మిషన్ స్విచ్చి వేసింది. ముందు ఆంజనేయస్వామి దీపాలు వెలిగాయి, తర్వాత తెర వెలిగింది.

నేను వంగి ఆ రెండు కొసలూ చూశాను.

"ఇది ఎవరు పెట్టినారమ్మా?"

"ఖాజా భాయ్. లారీలకు వైరింగ్ చేస్తాడు గద, ఆయప్ప. ఆయుధ పూజకు తిమ్మప్ప పెట్టించినాడు. డబ్బా మీ అంగడికి పంపేటప్పుడు నేనే తీసి లోపలికి తోసేస్తాను."

లారీలవాళ్ల పద్ధతి తెలియనివారికి చెప్తాను. మా దిక్కున లారీ తాళం తిప్పితే ముందు దేవుడి పటం దగ్గర దీపం వెలగాలి, ఆ తర్వాతే ఇంజను లేవాలి. దేవుడు చూస్తూ ఉండగా బండి కదలాలని. తిమ్మప్ప కాటా కంప్యూటర్‌ను కూడా బండిలాగే చూశాడు. ఆన్ చేస్తే ముందు స్వామికి వెలుగు రావాలి. ఖాజా తన పని తాను చేశాడు. లారీల్లో ఎర్ర వైరే బ్యాటరీది కాబట్టి మొదట ఎర్ర రంధ్రంలో గుచ్చి చూశాడట, దీపాలు జబ్బు మనిషి కళ్లలాగా మిణుకుమన్నాయట. పసుపులో గుచ్చితే భగ్గుమన్నాయి. సరిగ్గా పన్నెండు ఓల్టులు కనిపెట్టాడు, చదువుకోని పాఠం. అందులో తప్పేమీ లేదు, దీపాలు ఎంతో కరెంటు తాగేవి కావు.

తప్పు ఆ తీగ నడిచిన దారిలో ఉంది. వేలితో తడుముతూ పోయాను. జంట తీగ ఇనుప యాంగిల్ వెంట పోయి, పటం కింద ఒక మేకు దగ్గర ఆగింది. మేకు జంట తీగ నడుమ కొట్టి ఉంది, ఊడిపోకుండా. రెండు తీగల తొక్కూ మేకు దగ్గర నలిగి రాగి కనబడుతోంది. ఖాళీ లారీ వస్తే గది కదలదు. రాయి నిండిన లారీ కాటా ఎక్కి బ్రేకు కొడితే గదంతా జల్లుమంటుంది. ఒక్క జల్లు చాలు, పసుపూ నలుపూ మేకు మీద కలుసుకుంటాయి.

"అమ్మా, దీన్ని తీసి చూద్దాం."

పార్వతి వెనక్కి తగ్గింది. "వద్దన్నా. దేవుడి దీపం కూడా ఆర్పేసిందంటారు. ఇప్పటికే ఆ మాట కూడా అంటాండారు, లోడు బండి వచ్చినప్పుడల్లా స్వామి దీపం నేనే ఆర్పుతాండానని."

ఆ పిల్లకు దొంగతనం కంటే ఆ మాట ఎక్కువ తగిలింది, గొంతులోనే తెలిసింది. అప్పుడే బయట ఓనరు కారు వచ్చింది.

నలుగురి ముందు

ఓనరు కొంచెం వయసు మీరిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. తిమ్మప్ప, డ్రైవర్లు కొందరు, పార్వతి నాయన, అందరూ కాటా గది తలుపు దగ్గర చేరారు. తిమ్మప్ప ఎప్పటి పాటే ఎత్తుకున్నాడు.

"అంగడి ఆయప్ప వచ్చినాడు సార్. మిషన్ బాగుండాది. ఇంక ఆ పాపనే అడగండి."

"బాగుందాప్పా?" అని ఓనరు నన్ను అడిగాడు.

"మిషన్ బాగుండాది సార్" అన్నాను. పార్వతి నాయన తల దించేశాడు. "గాని ఆగేది కూడా నిజమే. ఆ పాప ఆపింది కాదు. ఒక లోడు బండిని ఎక్కించండి, చూపిస్తాను. ఆ పాపను బయట వాళ్ల నాయన పక్కన నిలబడమనండి."

ఒక నిండు లారీ కాటా ఎక్కింది. ఏమీ కాలేదు. తిమ్మప్ప నవ్వాడు. ఇంకొకటి ఎక్కింది. ఏమీ కాలేదు. నాకు చెమట పట్టింది. అంతమంది ముందు నిలబడి, దీపం వెలుగుతూ ఉంటే, ఆరిపో ఆరిపో అని దేవుణ్ణి వేడుకున్న మనిషి బహుశా నేనొక్కణ్ణే. మూడో లారీ కొంచెం వేగంగా వచ్చి గట్టిగా బ్రేకు కొట్టింది. గది ఊగింది. తెర నల్లబడింది, స్వామి దీపాలు ఆరాయి. గదిలో నేను తప్ప ఎవరూ లేరు, నా రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి.

మేకు చూపించాను. ఆ తర్వాత దీపాల తీగ తీసేసి, యూపీఎస్ ఆపి వేసి మిషన్ లేపి, అదే లారీని దించి మళ్లీ ఎక్కించమన్నాను, ఇంకా గట్టిగా బ్రేకు కొట్టమన్నాను. డ్రైవరు ఉత్సాహం కొద్దీ గది పడిపోయేంత పని చేశాడు. మిషన్ కన్నార్పలేదు. వరసగా లారీలు వచ్చాయి, పోయాయి. చీటీలు అచ్చవుతూనే ఉన్నాయి.

పార్వతి నాయన ఏడుస్తున్నాడు. తువ్వాలుతో మొహం కప్పుకోలేదు, ఊరికే కన్నీళ్లు కారనిచ్చాడు. తిమ్మప్ప పటం వంక చూసి చెంపలు వేసుకున్నాడు. దేవుడికి వేసుకున్నాడు, ఆ పిల్లకు ఒక్క మాట చెప్పలేదు. "సరే సరే, పని చూసుకో పో" అన్నాడు, అంతే. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మనిషిని నలుగురిలో దొంగ అన్నవాడు నలుగురిలోనే తప్పు ఒప్పుకోవాలి. అంత చిన్న విషయం పెద్ద కుర్చీ ఎక్కినాక ఎందుకు మరిచిపోతారో నాకు అర్థం కాదు.

ఖాజాను పిలిపించారు. ఆయన మేకు చూసి, "అరె, లారీలో అయితే ఫ్యూజు పోతాది, తెలిసిపోతాది భాయ్. ఇది ఫ్యూజు లేకుండా సుమ్నే పండుకుంటాది, ఎవరికి తెలుస్తాది" అని నవ్వాడు. స్వామికి వేరే బ్యాటరీ పెట్టి దీపం వెలిగించాడు. నేను డబ్బా వెనుక సందుకు రేకు బిగించి వచ్చేశాను.

మిషన్ బాగైన తర్వాత

ఇక్కడితో ఆపితే మంచి కథే. ఉద్యోగం కథలాగా ఉండదు.

మిషన్ ఆగడం మానేశాక ప్రతి లారీ బరువూ చీటీలో అచ్చయింది, ఒక్కటీ తప్పకుండా. అప్పుడు తెలిసింది ఎక్కువ రాయి పోసుకుని తిరిగే లారీలు ఎవరివో. కొన్ని తిమ్మప్ప సొంతవి, బావమరిది పేరు మీద ఉన్నవి. ఇంతకాలం మిషన్ ఆగినప్పుడల్లా చేతి చీటీతో లాభపడింది ఆయన బండ్లే. మిషన్‌ను ఆయనే ఆపించాడని నేను అనను, మేకు ఆయన కొట్టలేదు. ఆ జబ్బు తనకు ఎంత మేలు చేసిందో అది నయమయ్యాకే ఆయనకు తెలిసింది.

ఒక మధ్యాహ్నం తిమ్మప్ప మా అంగడికి వచ్చాడు. శేషప్ప టీ తెప్పించాడు. తిమ్మప్ప నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎర్రిస్వామప్పా, ఆ పాత తీగ యాడ ఉండెనో ఆడే మళ్లా పెట్టేకి అయితాదా?"

మొదట నవ్వులాటకు అంటున్నాడనుకున్నాను. మొహం చూస్తే కాదు.

"పెట్టేకి అయితాది. నేను పెట్టను" అన్నాను. ఆయన శేషప్ప వంక చూశాడు. శేషప్ప టీ గ్లాసులోకి చూశాడు. నేను ఎదురుచూసింది ఒకటి, ఆయన చేసింది ఒకటి. "మా అంగడిలో బాగు చేసేదే నేర్పినాం తిమ్మప్పా, ఈ పని మాకు రాదు" అన్నాడు, గ్లాసు మీంచి కళ్లెత్తకుండానే. ఆ తర్వాత వాళ్లు మా దగ్గర మిషన్లు కొనలేదు. శేషప్ప ఆ సంగతి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. పైన ఆయన చెవి గురించి ఎగతాళి చేశాను, అది నిజమే, ఇదీ నిజమే.

తిమ్మప్ప అక్కడినుంచి నేరుగా పార్వతి దగ్గరికి పోయాడు. తీగ గీగ ఎందుకు, తన బండ్లు వచ్చినప్పుడు యూపీఎస్ స్విచ్చి ఒకసారి నొక్కితే చాలు అన్నాడు. జీతం పెంచుతానన్నాడు. మిషన్‌కు ముందే ఆ రోగం ఉందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అనుమానపడరని కూడా చెప్పాడు.

ఆ సంగతి నాకు పార్వతే చెప్పింది. కొన్నాళ్లకు ఒకరోజు అంగడికి వచ్చింది, చేతిలో బట్టల సంచి. పని మానేశానంది. సిరుగుప్పలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ మనిషి కావాలంటే పోతున్నానంది. జీతం తక్కువ. వాళ్ల నాయన తిడుతున్నాడట, అంత గండం గడిచాక ఆ చిన్న మాట విని కూర్చోవచ్చు గదా అని.

నాకూ ఒక పక్క అట్లాగే అనిపించింది, దాచుకోను. అంత చెమటలు పట్టి నిలబెట్టిన ఉద్యోగం. "నీకు ఆ పని నిలబెట్టేకి ఎంత పాటుపడినామమ్మా. వేరే దారి ఏదన్నా చూసుంటే బాగుండు గద" అన్నాను.

"పని నిలబెట్టేకి వచ్చినారా అన్నా మీరు? నా పేరు నిలబెట్టేకి వచ్చినారనుకుంటి" అంది పార్వతి. "ఇప్పుడు ఒక్కసారి ఆ స్విచ్చి నొక్కినాననుకో, అప్పుడు నొక్కింది కూడా నేనే అయిపోతాను. ఆ పొద్దు మా నాయన అంతమందిలో ఏడ్చినాడే, అది అబద్ధం అయిపోతాది."

సంచి నేనే మోసుకుని బస్‌స్టాండు దాకా పోయి, సిరుగుప్ప బస్సు ఎక్కించి, అది కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.